సమ్మక్క పేరు మీది నొప్పి

2022 మే నెల. సుక్మా జిల్లా దక్షిణపు అంచున, కుంట వెళ్లే రోడ్డు నుంచి అడవిలోకి తిరిగే మలుపులో ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుని. ఆరు మంచాలు, రెండు ఫ్యాన్లు ఉండేవి. ఫ్యాన్లలో ఒకటి తిరిగేది. రెండోది ఎందుకు తిరగడం లేదో చూడటానికి ఏడాదికోసారి ఒకాయన వచ్చి, దాని కింద కాసేపు నిలబడి, తిరగడం లేదని రాసుకుని వెళ్లేవాడు.

నాది కిరండూల్. మా నాన్న ఇనుపరాయి గనుల్లో పనికి విజయనగరం నుంచి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ, ఇలా పెరిగాను. నన్ను ఈ మూలకు వేసింది కూడా అందుకే. అక్కడివాళ్లకి తెలుగు వచ్చు, నీకూ వచ్చు, ఇంకేం కావాలి అన్నాడు పోస్టింగ్ ఇచ్చిన సాబ్. ఆయన దృష్టిలో తెలుగంటే ఒకటే. ఇక్కడి దోర్లా వాళ్లు ఇంట్లో దోర్లీ, మాతో భద్రాచలం వైపు తెలుగు మాట్లాడతారు. కొత్తలో నేను "ఏటయిందమ్మా" అంటే ఆడవాళ్లు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేవారు. ఏడాది తిరిగేసరికి నేనూ "ఏందవ్వా" అనడం నేర్చుకున్నాను.

ఆ జనవరిలో దుర్గ్ నుంచి డాక్టర్ సాహు వచ్చాడు. కుర్రవాడు, శ్రద్ధగలవాడు, శ్రద్ధ కాస్త ఎక్కువైనవాడు. రోగి చెప్పేది ఓపిగ్గా రాబట్టడాన్ని మా వృత్తిలో హిస్టరీ తీసుకోవడం అంటారు. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుందని ఆయన నమ్మకం. అయితే రోగులు చెప్పేది ఆయన దగ్గరికి నా నోటి మీదుగానే వెళ్లాలి. ఓపీడీలో, అంటే మంచం ఎక్కకుండా చూపించుకుని పోయేవాళ్ల లైనులో, రోజుకి ఎంతమంది ఉంటారో నాకే తెలుసు. తల పట్టుకున్నా, కడుపు పట్టుకున్నా, నేను రిజిస్టర్‌లో "పెయిన్" అని రాసి పంపించేదాన్ని. ఒకరోజు ఆయన ఆ పేజీలు తిప్పి తిప్పి, సిస్టర్, మీ తెలుగులో నొప్పికి ఒక్కటే మాటా అని అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. దరిద్రం తెలుగులో లేదు, మీ రిజిస్టర్ గడిలో ఉంది, అందులో ఒక్క మాటే పడుతుంది అన్నాను. ఆయనకీ పౌరుషం వచ్చింది. ఇంగ్లీషులో మాత్రం తక్కువా అంటూ కాగితం తీసుకుని ఏక్, క్రాంప్, స్టింగ్, పాంగ్, సోర్ అని వరసగా రాశాడు. ఎదురుగా నేను రాశాను. తలకి వచ్చేది పోటు. పంటికీ పుండుకీ వచ్చేది సలుపు. పొద్దంతా నడిచిన కాళ్లకి పీకులు. కడుపుకైతే మెలిపెట్టడం, నడుముకైతే కలుక్కుమనడం, నరానికైతే గుంజడం, మూత్రానికైతే మంట. మూడు రోజుల పందెంలో ఆయనవి పదకొండు, నావి ఇరవై మూడు తేలాయి. ఓడినవాడు ఊరుకున్నాడా? వాటన్నిటినీ చార్టుగా రాయించి, తెలుగు మాటల్ని తను చదువుకునేలా హిందీ అక్షరాల్లో పెట్టించి, ఓపీడీ గోడకి అంటించాడు.

ఇక అక్కడి నుంచి నా ప్రమేయం లేకుండా తనే అడగడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతివాళ్లకీ వేలు పెట్టి పైనుంచి కిందకి చదివి వినిపించేవాడు. పోటా? సలుపా? పీకులా? ఒక ముసలాయన ఇరవై మూడూ శ్రద్ధగా విని, "అన్నీ తలా కొంచెం రాయి సారూ" అన్నాడు. రేషన్ లైనులో ఒకావిడ, కొత్త డాక్టరు నొప్పులు చదువుతున్నాడు, మంచిగుంది, పోయి వినండి అని చెప్పిందట. ఆ వారం మా ఓపీడీలో జబ్బు లేనివాళ్లు కూడా కూర్చున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉండేది. ఎదుటివాళ్ల జబ్బు చెప్పేటప్పుడు అది ఎక్కడో తన ఒంటి మీద చూపించకూడదు. చూపిస్తే అది మనకి అంటుకుంటుంది. మా అమ్మ కూడా ఎవరి కురుపు గురించి చెప్పాల్సి వచ్చినా తలుపు మీద చూపించేది. ఇక్కడివాళ్లు ఇంకా నిష్ఠగా పాటిస్తారు. మామ మోకాలి నొప్పి చెప్పడానికొచ్చిన కోడలు బల్లకాలు పట్టుకుని చూపిస్తుంది. ఒకతను తన అన్నకి వీపులో ఎక్కడ నొస్తుందో చూపించడానికి డాక్టర్ సాహుని కుర్చీలోంచి లేపి గోడవైపు తిప్పి మరీ పొడిచాడు. డాక్టర్ వారం రోజులు మొత్తుకున్నాడు. తర్వాత ఇంటివాళ్లు వచ్చి ఎవరి నొప్పి చెప్పినా, తనే లేచి నిలబడి ఎక్కడ అని అడిగేవాడు.

కన్నయ్య తన భార్య సమ్మక్కని తీసుకొచ్చింది ఆ రోజుల్లోనే. అరవై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. వానలకి ముందు వాళ్ల ఊళ్లో విత్తనాల పండుగ చేస్తారు. ఆ రోజు పొలంలో మొదటి గుప్పెడు చల్లేది కన్నయ్యే. ఆయన చల్లాకే ఊరు చల్లాలి. సమ్మక్క నెత్తిన తునికాకు మూటతో నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చి, మూట దించి, చెమట కూడా తుడుచుకోకుండా బెంచీ మీద కూర్చుని పైకప్పు వైపు చూస్తూ ఉంది. చెప్పడమంతా కన్నయ్యే చెప్పాడు.

"ఎదురెక్కితె ఈమెకు రొమ్ముల బరువు పెట్టినట్టయితది సారూ. పోటు గాదు, సలుపు గాదు. లోపటికెల్లి ఎవడో పిడికిలి బిగించినట్టు. నిలబడితె పోతది, నడిస్తె మల్ల వస్తది. ఎడమ జబ్బకు గూడ దిగుతది."

నేను హిందీలో చెప్పగానే డాక్టర్ సాహు ముఖం వెలిగిపోయింది. గుండెకి రక్తం చాలక వచ్చే నొప్పిని ఆంజైనా అంటారు. పుస్తకంలో దాన్ని ఎలా రాశారో కన్నయ్య అలాగే చెప్పాడు. ఇలాంటి హిస్టరీ కాలేజీలో ప్రొఫెసర్లు కూడా చెప్పరు సిస్టర్ అన్నాడు. వెంటనే ఈసీజీ తీయించాడు. అది గుండె కొట్టుకునే తీరుని కాగితం మీద గీతలుగా గీసే యంత్రం. సమ్మక్క గీతలు అచ్చు పుస్తకంలో ఆరోగ్యవంతుల బొమ్మలా వచ్చాయి. బీపీ నాకంటే బాగుంది. నొప్పి ఎలా ఉంటుందవ్వా అని నేనే అడిగాను.

"ఆయననడుగు" అంది.

నొప్పి నీది కదా అన్నాను.

"ఆయనకే మంచిగెరుక" అంది.

పెనిమిటి ముందు మాట్లాడటానికి సిగ్గనుకున్నాను. ఏళ్ల సర్వీసు ఉండి కూడా అలా అనుకున్నానంటే నన్నేమనాలి? గ్యాస్ మాత్రలిచ్చి పంపించాం.

ఎనిమిది రోజులకి మళ్లీ వచ్చారు. ఈమెకి ఏమీ తగ్గలేదని, ఇంతకుముందు గుట్ట ఎక్కితేనే వచ్చేది ఇప్పుడు ఊరి చివరికి నడిచినా వస్తోందని కన్నయ్య చెప్పాడు. పక్కన సమ్మక్క ఈసారి ఇంకా పెద్ద మూట దించుకుంటోంది. డాక్టర్ తల పట్టుకున్నాడు. మాటల ప్రకారం మనిషి ప్రమాదంలో ఉంది, యంత్రం ప్రకారం మనిషి గుండ్రాయిలా ఉంది. ఎందుకైనా మంచిదని జగ్దల్‌పూర్ పెద్దాసుపత్రికి రిఫర్ చేద్దామని, అంటే చీటీ రాసి అక్కడికి పంపిద్దామని, ఫారం తీశాడు. నొప్పి సరిగ్గా ఏ చోటో ఒక్కసారి అడగమని నాకు చెప్పి, అలవాటు ప్రకారం లేచి ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు.

కన్నయ్య ఆయన వైపు చూడనేలేదు. కుడి చెయ్యి పిడికిలి బిగించి, తన ఎదురొమ్ము మీదే ఆనించి, "ఈడ" అన్నాడు.

డాక్టర్ నిలబడే ఫారం వైపు వంగి రాసుకుంటున్నాడు. చూసింది నేను. ఊళ్లో మొదటి విత్తనం చల్లే మనిషి, ఆచారం అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి, పెళ్లాం గుండెజబ్బుని తన గుండె మీద చూపిస్తాడా? చచ్చినా చూపించడు. అది ఆమెది అయితే కదా! నేను సమ్మక్క వైపు తిరిగాను. అప్పటిదాకా పైకప్పు చూస్తున్న ఆ మనిషి నన్నే చూస్తోంది.

ఇంజెక్షన్ గదిలోకి పిలిచి తలుపు వేశాను. అడగాల్సిన పని లేకుండానే చెప్పేసింది. మూడేళ్లుగా ఆయనకి నొస్తోందట. ముందరి డాక్టర్ల దగ్గర కూడా సమ్మక్క పేరు మీదే చెప్పి, ఇచ్చిన మాత్రలు ఆయనే మింగేవాడట. జబ్బు మనిషి చెయ్యి విత్తనం మీద పడకూడదని వాళ్ల ఊళ్లో అంటారు. తెలిస్తే ఆ పని ఆయన తమ్ముడికి పోతుంది. తండ్రి చేతి నుంచి వచ్చిన పని పోతే కన్నయ్య బతకలేడు. ఇదంతా ఆమె నెమ్మదిగానే చెప్పింది. ఆమె కోపమంతా వేరే విషయం మీద.

"నన్ను రోగిష్టిదాన్ని చేసిండు సిస్టరమ్మా. బాయికాడ బిందె ఎత్తనియ్యరు. పండుగల ఆడనియ్యరు ఎగరనియ్యరు, కూసో కూసో అంటరు. నాకేమయ్యింది? ఆయన మీదికెల్లి నాకిదొకటి."

డాక్టర్‌కి చెబితే ముందు తెల్లబోయి, తర్వాత నవ్వి, ఆ తర్వాత నవ్వాపేశాడు. నొప్పి కొద్ది దూరానికే వస్తోందంటే లోపల రక్తనాళం పూడుకుపోతోందని అర్థం. కన్నయ్యకి వెంటనే ఈసీజీ తీయాలి. కానీ వరండాలో వాళ్ల ఊరివాళ్లు పదిమంది ఉన్నారు. వాళ్ల మితానిన్, అంటే ఊళ్లో ఆరోగ్యం పనులు చూసే కార్యకర్త, కిటికీ పక్కనే కూర్చుంది. ఆయన బల్లెక్కనని మొండికేశాడు. అప్పుడు డాక్టర్ సాహు బయటికి వెళ్లి, ఈరోజు తోడొచ్చినవాళ్లందరికీ ఈసీజీ అని హిందీలో ప్రకటించాడు. ఒక్కొక్కరినీ పిలిచి వైర్లు తగిలించాను. మేకని అమ్ముకోవడానికి పోతూ నీళ్ల కోసం ఆగిన ఒకతనికి కూడా తీశాను. వద్దంటే వినలేదు, అందరికీ తీశావు నాకెందుకు తియ్యవన్నాడు. మేకని బయట కట్టించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఏడుగురి తర్వాత కన్నయ్య వంతు వచ్చింది. కాగితం బయటికి వస్తుండగానే డాక్టర్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పైకి ఉండాల్సిన గీతలు కిందికి ఉన్నాయి. ఈరోజే పంపాలి అన్నాడు.

కన్నయ్య ఒప్పుకోలేదు. పండుగ ఇంకా తొమ్మిది రోజులుంది, అయ్యాక వెళ్తానన్నాడు. అప్పటిదాకా ఉంటావో లేదో నేను చెప్పలేను పెద్దయ్యా అన్నాను. అన్నాక నాకే భయం వేసింది. ఆయన మాత్రం బెదరలేదు.

"అంబులెన్సు ఎక్కితె ఊరంత చూస్తది. నేనుండి నా చెయ్యి పోతె, ఉన్నట్ట, పోయినట్ట?"

దానికి జవాబు సమ్మక్క దగ్గర ఉంది. కొంగు బిగించి మొగుడి ఎదురుగా నిలబడింది.

"మూడేండ్ల సంది నీ నొప్పి నా పేరు మీద మోసిన. ఈయాల గూడ నేనే పండుత. నువ్వు నాకు తోడొచ్చినట్టు పక్కన కూసో. లేకుంటె ఇప్పుడే పోయి నీ తమ్మునికి నేనే చెప్త."

డాక్టర్ ఒక్క షరతు పెట్టాడు. కాగితాల మీద అసలు పేరే ఉంటుంది, వయసూ జబ్బూ అన్నీ నిజమే ఉంటాయి, స్ట్రెచర్ మీద ఎవరు పడుకుంటారో ఆయన చూడడు. అలా సమ్మక్కని స్ట్రెచర్ మీద మోసుకుంటూ వరండా దాటించాం. పడుకున్న మనిషి ఊరుకుంటే బాగుండేది. ఊరివాళ్లు దగ్గరికొచ్చేసరికి మూలగడం మొదలుపెట్టి, డాక్టర్ అన్ని రోజులూ చదివి వినిపించిన మాటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసింది. సలుపు అంది, పోటు అంది, మంట అంది, మెలిపెడుతోంది అంది. ఏ గుండెజబ్బుకీ అవన్నీ ఉండవు. డాక్టర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మితానిన్ కళ్లొత్తుకుంది. కన్నయ్య తల వంచుకుని, తోడొచ్చినవాడిలా వెనక ఎక్కి కూర్చున్నాడు. నేనూ ఎక్కాను.

రెండో కల్వర్టు దాటాక బండి ఆపించాను. సమ్మక్క చెంగున కిందికి దూకి, మొగుణ్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, తను పక్కన కూర్చుంది. డ్రైవర్ వెనక్కి తిరిగి చూసి చూసి, మేడమ్, పేషెంటే దిగి తోడొచ్చినవాణ్ని పడుకోబెట్టడం నా సర్వీసులో ఇదే మొదటిసారి అన్నాడు. నాకు నవ్వాగలేదు. కన్నయ్యకి ఆక్సిజన్ గొట్టం పెట్టేటప్పుడు చూస్తే సమ్మక్క ఏడుస్తోంది. ఇందాకటి మూలుగులేవీ లేవు, శబ్దమే లేదు. ఆయన అరచెయ్యిని రెండు చేతులతో పట్టుకుని దాని వైపే చూస్తోంది. జగ్దల్‌పూర్ దాకా మళ్లీ ఎవరం నవ్వలేదు.

అక్కడ ఆరు రోజులుంచుకున్నారు. సమయానికి తెచ్చారని అక్కడి డాక్టర్ అన్నాడు. ఆ ఆరు రోజులూ మా ఓపీడీలో అందరిదీ ఒకటే ప్రశ్న, సమ్మక్కకి ఎలా ఉందని. కన్నయ్య తమ్ముడు కూడా ఒక కోడిని సంచిలో పెట్టుకుని వచ్చాడు. వదినకి ఎలా ఉంది, బీడీలు మానమన్నారా అని అడిగాడు. మానమన్నారు అన్నాను, అది నిజమే కాబట్టి. సాయంత్రం డాక్టర్‌తో, సమ్మక్క బీడీలు కూడా కాలుస్తుందట, చూస్తే తెలియదు అని చెప్పాను. నా తెలివి అప్పటికీ అంతవరకే పనిచేసింది.

పండుగకి రెండు రోజుల ముందు తిరిగొచ్చారు. ఒక గుప్పెడు చల్లొచ్చు, నాగలి ముట్టుకోకూడదని డాక్టర్ సాహు గట్టిగా చెప్పి, అనుమానం తీరక నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి తనే వచ్చాడు. కన్నయ్య కొత్త పంచె కట్టుకుని పొలంలోకి దిగాడు. పక్కన తమ్ముడు విత్తనాల బుట్ట పట్టుకున్నాడు. అన్న నాలుగడుగులు వేస్తే నాలుగు వేశాడు, ఆగితే ఆగాడు. కన్నయ్య చెయ్యి ఎత్తి మొదటి గుప్పెడు చల్లాడు. సమ్మక్కని ఒక మంచం మీద కూర్చోబెట్టి నలుగురు ఆడవాళ్లు విసనకర్రలతో విసురుతున్నారు. ఆవిడ నన్ను చూసిన చూపుకి కన్నయ్య ఇంటికెళ్లాక ఏం వింటాడో నాకు అర్థమైంది.

భోజనాల దగ్గర కన్నయ్య తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. అన్న దూరంగా ఉన్నాడని చూసుకుని, ఆయన ఇంకా ఎన్ని రోజులు మందులు మింగాలి సిస్టరమ్మా అని అడిగాడు. మీ వదినా అన్నాను.

"వదినకేముంది, నన్ను గూడ ఎత్తి అవతలేస్తది. అన్నకే. ఊరంతకెరుక. తొవ్వల నిలబడి పిట్టలను చూస్తున్నట్టు చేస్తడు. మూడేండ్ల సంది అన్ని పిట్టలెవడు చూస్తడు?"

మరి జబ్బు చెయ్యి విత్తనం మీద పడకూడదంటారు కదా అన్నాను.

"అంటరు. మూడేండ్ల సంది పడుతనే ఉంది, మొలుస్తనే ఉన్నయి. మాకెరుకని ఆయనకు తెలిస్తె చెయ్యి ఎనకకు తీస్తడు. అందుకే సమ్మక్కకెట్లుందని అడుగుతం."

ఇది చెప్పి, డాక్టర్ విస్తరిలో ఇంకో ముక్క వేయడానికి లేచి వెళ్లాడు. డాక్టర్ నన్ను ఏమన్నాడని హిందీలో అడిగాడు. దారిలో చెబుతానన్నాను. నొప్పికి ఇరవై మూడు మాటలు పోగేసి గోడకి అంటించుకుని గొప్పపడ్డవాళ్లం మేం. ఈ ఊరు ఒక్క మాట పైకి అనకుండా మూడేళ్లు ఒక మనిషి నొప్పిని కాచుకుంది. సమ్మక్క జబ్బుకని ఊరివాళ్లు ఆమె పెరట్లోకి తెచ్చిన కోళ్లన్నీ కన్నయ్యకి తెచ్చినవే.

మాటలు అక్కరలేదని అనను. కన్నయ్య అంత బాగా చెప్పబట్టే డాక్టర్ వదిలిపెట్టలేదు. కానీ ఏం నొప్పి అని అడిగే ముందు ఎవరి నొప్పి అని చూడాలని నాకు ఆ కేసు నేర్పింది. ఇప్పుడు ఎవరైనా మా ఆడమనిషికి నొస్తోందంటూ ఓపీడీకి వస్తే, ముందు ఆవిడకి కుర్చీ వేస్తాను. తర్వాత బీపీ పట్టీ తీసి ఆయన చేతికి చుడతాను.